అల్లుడుగారి రంగుల గడులు

"నూలుకి రంగులేశారా?" ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని అడిగాడు హేమసుందర్.

"నిన్ననే వేశారండీ," పెడన నుంచి సత్యశ్రీ గొంతు వినిపించింది.

"ఆరిందా?"

"ఆషాఢం వానలు కదండీ. అంత తేలిగ్గా ఎక్కడారుతుంది?"

హేమసుందర్ కంప్యూటర్లో నూలు ఆరబెట్టే గడిని ఎర్రగా మార్చి, ఆలస్యానికి కారణం రాసే చోట 'వరుణుడు' అని కొట్టాడు.

బెజవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఓ కంపెనీలో ప్రాజెక్టులు చూస్తాడతను. హెడ్డాఫీసు వాళ్ళు పంపిన ఎక్సెల్ టెంప్లేటు ఒకటి అతని ప్రాణం. చేయాల్సిన పని, చేసే మనిషి, గడువు, ఎంతవరకు వచ్చింది, అన్నీ వరసగా గడులు. మొదలవకపోయినా ఆగిపోయినా ఎరుపు, నడుస్తుంటే పసుపు, పూర్తయితే పచ్చ. మొన్న జ్యేష్ఠంలో సత్యశ్రీ మెడలో మూడు ముళ్ళూ వేసి, పురోహితుడు నోరెళ్ళబెట్టి చూస్తుండగా జేబులోంచి కాగితం తీసి టిక్కు పెట్టుకున్న మనిషి.

"ఏకంగా మామగారికే ప్రాజెక్టు పెట్టావా?" పక్క సీటు దుర్గాశంకర్ తొంగిచూశాడు.

"నవ్వకు గురూ. పోయిన వారం విరహం ఆగక, ఆషాఢం లేదు గీషాఢం లేదు, వచ్చేస్తున్నానని ఫోన్ చేశాను. మా అత్తయ్యగారు హడలిపోయారు. కొత్తల్లుడు ఆషాఢంలో అత్తగారి గడప తొక్కితే అరిష్టమట. నేను వింటానా? అప్పుడే సత్య ఏడుస్తూ అసలు సంగతి చెప్పింది."

"ఏంటది?"

"శ్రావణం రాగానే గుంటూరు షావుకారుకి చీరలు అందాలి. ఆలస్యమైతే ఆర్డరు రద్దు. మావయ్యగారి పేరు గంగలో కలుస్తుంది. పాపం, ఆ పల్లెటూరి మనిషికి ప్లానింగ్ ఏం తెలుసు? ఇప్పుడు నేను వెళ్ళి కూర్చుంటే మర్యాదలు చేస్తారా, మగ్గం నేస్తారా? అందుకే ఇక్కణ్ణుంచే నడిపిస్తున్నా."

ఆ పూట నుంచి పెడనలో మామగారు పేరయ్యగారింట్లో ఫోను మోగని సాయంత్రం లేదు.

"మావయ్యగారూ, నేత ఎంత శాతం అయింది?"

"మీరెంతంటే అంత బాబూ."

"అలా కుదరదండీ. ఉన్నదున్నట్టు చెప్పాలి."

పేరయ్య కాసేపు ఆలోచించి, "అయితే సగం వేసుకోండి," అన్నాడు.

గడి పసుపెక్కింది. అపాయాలు రాసే గడిలో 'మావయ్యగారి నడుము' అని చేర్చి, దాని నివారణకి అమృతాంజనం సీసా బస్సులో పంపించాడు హేమసుందర్. ఆ ముందుచూపుకి తనే మురిసిపోయాడు.

"సత్యా, ఆ షావుకారు నంబరివ్వు. నేనే మాట్లాడతాను."

"అమ్మో, వద్దండీ! అల్లుడిచేత మాట్లాడిస్తే నాన్న పరువేం కావాలి?"

నిజమే అనిపించింది. పోనీ మగ్గం చప్పుడైనా వినిపించమన్నాడు. సత్యశ్రీ కాసేపు ఆగమని చెప్పి, ఫోను ఎటో చాచి పట్టుకుంది. టక్ టక్‌మని వినిపించింది.

"కాస్త నెమ్మదిగా ఆడుతున్నట్టుందే?"

"రెండు రోజులుగా నేస్తున్నారు కదండీ, అలసిపోయారు."

ఆ శనివారం అతనికి మళ్ళీ పెడన మీదికి గాలి మళ్ళింది. బెజవాడలో వాన పడుతోంది, హోటలు సాంబారు నీళ్ళలా ఉంది, ఇంటికెళ్తే పలకరించే దిక్కులేదు. "రేపు తొలి బస్సుకొచ్చి, వీధరుగు మీదే కూర్చుని నిన్ను చూసి వెళ్ళిపోతాను. గడప తొక్కను, సరేనా?" అని బతిమాలాడు.

అటువైపు గుసగుసలు వినిపించాయి. తర్వాత అత్తగారు గంగాదేవి అందుకుంది. "బాబూ, మగ్గం తాడు తెగిందండీ! మీ మావయ్యగారు నెత్తిన చేతులేసుకు కూర్చున్నారు. మీ కంప్యూటరేమంటుందో కాస్త చూసి చెప్పండి!"

ఆదివారమంతా ఆఫీసులో కూర్చుని గడువులన్నీ వెనక్కీ ముందుకీ జరిపాడు. పెళ్ళాం మీద బెంగ తీరకపోయినా, మామగారి పరువు తన మౌసు కిందుందనుకుంటే కాస్త ధైర్యంగా ఉండేది.

మొత్తానికి ఆషాఢం ముగిసేలోపు ఒక్కో గడీ పచ్చబడింది. నేత పచ్చ, మడత పచ్చ, మూట కట్టుట పచ్చ. చివరికి "షావుకారుకి అందాయండీ!" అని సత్యశ్రీ చెప్పగానే హేమసుందర్ కుర్చీలోంచి లేచి దుర్గాశంకర్‌ని కావలించుకున్నాడు.

శ్రావణం మొదటి రోజునే రంగుల ప్రింటు చుట్టచుట్టి చంకలో పెట్టుకుని బస్సెక్కాడు. ఉయ్యూరు, పామర్రు ఎప్పుడు దాటాయో తెలియలేదు.

గంగాదేవి గడప దగ్గర హారతిచ్చింది. పనిలో పనిగా ఆ కాగితానికీ ఓసారి తిప్పింది.

లోపల మగ్గం మీద దుప్పటి కప్పి ఉంది. దానిమీద వడియాల పళ్ళెం.

"అదేంటండీ, ఖాళీగా ఉంది?"

"పనయిపోయింది కదా బాబూ," అన్నాడు పేరయ్య.

హేమసుందర్ కాగితం గోడకి అంటించి, మొదటి గడి నుంచి చివరి గడి వరకు వివరించాడు. పేరయ్య చేతులు కట్టుకుని అన్నిటికీ తలూపాడు. తలుపు చాటున సత్యశ్రీ పమిట చెంగు నోటికడ్డం పెట్టుకుని కళ్ళు తుడుచుకుంటోంది. ఆనందబాష్పాలనుకున్నాడు.

"మీ కంప్యూటరే లేకపోతే," పేరయ్య అల్లుడి చేతులు పట్టుకున్నాడు, "ఈ ఆషాఢం గట్టెక్కేవాళ్ళం కాదు బాబూ."

"ఎంతమాట మావయ్యగారూ! ఇంతకీ చీరలు షావుకారుకి నచ్చాయా?"

"భేషుగ్గా నచ్చాయి."

ఆ చీరలు హేమసుందర్ పెళ్ళికి ముందే అమ్ముడైపోయాయి.