చంటోడికి తాజాది

"ఇదీ వద్దు, వాసన వస్తోంది," అంటూ ఇంటావిడ మూడో కోడిని కూడా పక్కకు నెట్టేసింది.

మాంసం కొట్టతను కత్తి దించి నడుం మీద చెయ్యి వేసుకున్నాడు. "ఇప్పుడే కోసిందమ్మా. పూల వాసన రావడానికి ఇదేమన్నా పూలకొట్టా?"

"నువ్వలాగే అంటావు. తినేది మా చంటోడు. వాడికేమన్నా అయితే నువ్వొస్తావా?"

"బాబుకి ఎన్నేళ్ళు?"

"బాబు కాదయ్యా, కుక్క," అంది వెనక నిలబడ్డ వంటమనిషి మెల్లగా.

కొట్టతను ఇంటావిడ వైపు ఒకసారి, కోడి వైపు ఒకసారి చూశాడు. వంటమనిషి నవ్వు బయటపడకుండా పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇవాళ నవ్వితే కొంప మునుగుతుంది. ఇవాళ్టి వంట ఇంటావిడకు నచ్చితే పని ఇస్తుంది, పనితో పాటు పెరట్లో గది ఇస్తుంది. నచ్చకపోతే పదేళ్ళ కూతుర్ని పట్టుకుని మళ్ళీ తమ్ముడి ఇంటికే పోవాలి. "ఇంకా ఎన్నాళ్ళు వదినా?" అని మరదలు పొద్దున్నే అడగనే అడిగింది.

అందుకే నవ్వు మింగేసి ముందుకొచ్చింది. "ముక్కుతో తేలదు అమ్మగారూ, వేలితో చూడాలి. నొక్కిన గుంట వెంటనే పూడితే తాజాది. పూడకపోతే నిన్నటిది."

ఇంటావిడ నొక్కింది. గుంట పూడింది. అయినా నమ్మకం కుదరక తొడ మీద, రొమ్ము మీద, వీపు మీద నొక్కుతూ పోయింది.

"కోడి చచ్చేముందు ఏమన్నా చెప్పిందేమో అడగండమ్మా. అదీ రాసిస్తాను," అన్నాడు కొట్టతను.

"లివరు చూపించు," అంది ఇంటావిడ, ఆ మాట చెవిన పడనట్టే.

ఇంటికొచ్చాక ఇంకో తంతు. మాంసం మూడుసార్లు కడిగించింది. కత్తిని మరిగే నీళ్ళలో ముంచమంది. చివరికి, "ఏదీ, నీ గోళ్ళు చూపించు," అంది. నలభై ఏళ్ళ వంటమనిషి బడిపిల్లలా రెండు చేతులూ చాపింది.

"ముందు ఉప్పు లేకుండా ఉడికించు. ఎముక ఒక్కటి లేకుండా చంటోడికి తీసి పక్కన పెట్టు. ఆ తర్వాత ఉల్లిపాయ, ఉప్పు, కారం వేసి మిగతాది మాకు కూర చెయ్యి."

"అంతా ఒకే గిన్నెలోదేనా అమ్మగారూ?"

"ఒకే గిన్నెలోదే. ఈ ఇంట్లో వాడికొకటి మాకొకటి అని లేదు."

వంటమనిషి పొయ్యి వైపు తిరిగి మూతి ముడుచుకుంది. కుక్క బతుకని ఊరికే తిడతారు గానీ, ఇలాంటి కుక్క బతుకు ఎవరికి దక్కుతుంది? తన కూతురు జ్వరం నుంచి లేచిన రోజున కూడా ఎవరూ ఏ కోడినీ ఇలా నొక్కి చూడలేదు.

కూర దించుతుండగా మేడ మీద నుంచి కేక వినిపించింది. "అమ్మా, ఆకలేస్తోందే."

"ఆగరా, ముందు చంటోడు తినాలి," అంది ఇంటావిడ.

మీసాలొచ్చిన కన్నకొడుకు ఆకలంటే ఆగాలట, కుక్కగారు ముందు భోంచెయ్యాలట. డబ్బుంటే మనిషికి మతి కూడా పోతుంది కాబోలు అనుకుంది వంటమనిషి.

చంటోడు పళ్ళెం నాకేసి గడప దగ్గర వాలాడు. ఇంటావిడ పీట లాక్కుని వాడి పక్కనే కూర్చుంది. వాడి పొట్ట మీద చెయ్యి వేసి, గోడ గడియారం వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఏం చూస్తున్నారమ్మగారూ?"

"అరుగుతోందా లేదా అని."

కుక్క అరుగుదలకు కాపలా. ఇది చూడ్డానికే ఇన్నాళ్ళూ బతికున్నట్టుంది తను. అలా అరగంట గడిచింది. చంటోడు లేచి, ఒళ్ళు విరుచుకుని, తోక ఆడిస్తూ ఖాళీ పళ్ళెం దగ్గరికి వెళ్ళాడు. ఇంటావిడ ముఖం తేటపడింది.

"నీ చెయ్యి మంచిదే," అంది.

వంటమనిషి గరిటె పక్కన పెట్టి ఒక అడుగు ముందుకేసింది. "అయితే పని ఇచ్చినట్టేనా అమ్మగారూ?"

"ముందు కూర్చో, చెప్తాను."

ఇంటావిడ కంచం తెచ్చి, తన చేత్తోనే అన్నం పెట్టి, తొడముక్క చూసి మరీ వేసింది. "తిను."

"నేనా? ఇంకా ఇంట్లో ఎవరూ తినలేదు కదండీ."

"మేం తర్వాత తింటాం. ఈ ఇంట్లో ఇదే పద్ధతి. పని కావాలంటే రోజూ ఇలాగే తినాలి."

వంటమనిషి కంచం ముందు కూర్చుంది. ఎన్ని ఇళ్ళలో వండింది, ఎన్ని గిన్నెల అడుగు మాడు గోక్కుని తింది. అందరూ తిని చేతులు కడుక్కున్నాక, ఏమన్నా మిగిలితే తినడమే తప్ప, వండిన మనిషికి మొదటి ముద్ద పెట్టిన ఇల్లాలిని ఇంతవరకూ చూడలేదు. ఇలాంటి తల్లినా పొద్దుటి నుంచి మనసులో ఇన్ని మాటలు అనుకున్నది? సిగ్గుపడుతూనే మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంటావిడ కంగారుగా ముందుకు వంగింది. "కళ్ళెందుకలా అయ్యాయి? కడుపులో తిప్పుతోందా?"

"లేదమ్మగారూ. నన్నింతగా అడిగినవాళ్ళు ఎవరూ లేరు."

"సరే, మొత్తం తిను. ఏమనిపించినా దాచకుండా చెప్పు."

వంటమనిషి కళ్ళు తుడుచుకుని తృప్తిగా ఇంకో ముద్ద కలుపుకుంది. ఇంటావిడ మెట్ల దగ్గరికి వెళ్ళి, తల పైకెత్తి కొడుకును పిలిచింది.

"ఇంకో అరగంట ఓర్చుకో నాన్నా. కుక్కకైతే ఏమీ కాలేదు. వంటమనిషికి కూడా ఏమీ కాకపోతే నీకు పెట్టేస్తాను."