దీపం ఆడిన అబద్ధం

అబద్ధానికీ నాకూ ఆమడ దూరం. ఏడో తరగతితో బడి మానేశాను గనక, అబద్ధాలు నేర్పే పెద్ద చదువులు నాకు అంటలేదు. కాబట్టి ఈ కథలో ప్రతి అక్షరం నమ్మండి.

మిషిగన్ రాష్ట్రం, నోవై ఊరు. రెండువేల పదమూడు, జనవరి. మంచు నడుం దాకా పడింది.

సరే, మోకాలి దాకా. చీలమండ దాకా అన్నా నాకు పేచీ లేదు.

అక్కడొక అపార్ట్‌మెంట్‌లో రాజ్, అనుదీప్ కలిసి ఉంటున్నారు. ఇద్దర్నీ చక్రధర్ అనే కన్సల్టెన్సీ ఆయన వీసా మీద తెచ్చాడు. ఇద్దరికీ ప్రాజెక్టు లేదు. కార్ల విడిభాగాలు చేసే ఒక కంపెనీలో ఒకే ఒక్క ఉద్యోగం ఖాళీగా ఉంది. దానికి ఇద్దరికీ ఒకే రోజు ఇంటర్వ్యూ, ల్యాప్‌టాప్‌లో వీడియో మీద. అనుదీప్‌ది ముందు, రాజ్‌ది ఆ వెనకే.

“దొరకనివాడికి టికెట్ నేనే బుక్ చేస్తా. వన్‌వే” అని చక్రధర్ ఫోన్‌లో తేల్చేశాడు.

అనుదీప్ భార్య జాహ్నవి రాజమండ్రి ఎండలో స్వెట్టర్ కొనుక్కుని, రోజూ వేసుకుని అద్దంలో చూసుకుంటోంది.

పనిలో అనుదీప్ మెరిక. ఆ సంగతి రాజ్‌కి బాగా తెలుసు. అనుదీప్‌కి ఉన్న గుబులు ఒక్కటే. కిందటి నెల ఒక ఇంటర్వ్యూ మధ్యలో నెట్ పోయింది. గోడ దగ్గర రౌటర్ పెట్టె మీద ఎర్రదీపం వెలిగింది, ఉద్యోగం ఆరిపోయింది. అప్పట్నుంచి దేవుడి పటంకన్నా ఆ పెట్టెకే ఎక్కువ దండాలు పెడుతున్నాడు.

ఆ పెట్టెలో ఉన్న సాఫ్ట్‌వేర్ తీసేసి, వేరే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించినవాడు రాజ్. అందులో దీపాలకు కూడా ఒక సెట్టింగుల పేజీ ఉంటుంది. ఏ దీపం ఎప్పుడు వెలగాలో, ఎప్పుడు ఆరాలో మనం రాస్తే అది వింటుంది. నెట్‌కీ దీపానికీ ఉన్న ముడి తెంపేయొచ్చు.

ఆ పొద్దున రాజ్ తెంపేశాడు. పచ్చది కాసేపు, ఎర్రది కాసేపు మార్చి మార్చి వెలగమని రాశాడు. సేవ్ నొక్కి, అనుదీప్ చేసిన ఉప్మా తినడానికి కూర్చున్నాడు. నెట్ మాత్రం నిక్షేపంగా ఉంది.

“అన్నా, లైట్ రెడ్ అయింది చూడు” అన్నాడు అనుదీప్.

“పేజీలు ఓపెన్ అవుతున్నాయా?”

“అవుతున్నాయి. మళ్లీ గ్రీన్ వచ్చింది. అదిగో, మళ్లీ రెడ్.”

“పేజీలు అవుతాయిరా. వీడియో దగ్గరే తెగుద్ది. పోయినసారి కూడా ఇలాగే కదా మొదలైంది?”

అనుదీప్ చెంచా కింద పెట్టి, ఆ పెట్టెకు ఇంకో దండం పెట్టాడు.

“రిస్క్ ఎందుకు? లైబ్రరీకి పో. అక్కడ వైఫై చచ్చినా పోదు. నా కార్ తీసుకో.”

“మరి నీ ఇంటర్వ్యూ అన్నా?”

“నాదేముందిలే, వస్తే వస్తుంది, లేకపోతే లేదు. ముందు నీ సంగతి చూసుకో. అక్కడ చెల్లెమ్మ ఎదురుచూస్తోంది.”

రాజ్ కిందికి దిగి, కారు అద్దం మీద గడ్డకట్టిన మంచు తనే గీకి ఇచ్చాడు. టైర్లు అరిగిపోయి ఉన్నాయని మాత్రం చెప్పలేదు.

కారు లైబ్రరీ దాకా పోలేదు. సగం దారిలో జారి, పక్కనున్న మంచు దిబ్బలోకి దూరింది. మనిషికి దెబ్బ తగల్లేదు. ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మిగతా దారంతా పరిగెత్తాడు. తీరా తెరిచేసరికి అవతల ఎవరూ లేరు. మనిషి రాలేదని రాసుకుని వెళ్లిపోయారు. మా ఇంట్లో నెట్ పోయిందండీ అని మెయిల్ పెట్టాడు. అలాంటి మెయిళ్లు వాళ్లు బోలెడు చూసి ఉన్నారు.

అంత ఏడుపులోనూ అనుదీప్ ఒక పని చేశాడు. ఇంటికి నెట్ ఇచ్చే కేబుల్ కంపెనీకి ఫోన్ చేసి, నాదెలాగూ పోయింది, మా అన్న ఇంటర్వ్యూ అన్నా దక్కాలి, కాస్త త్వరగా బాగుచేయండని బతిమాలాడు. సరేనని వాళ్లు అక్కడినుంచే ఆ ఇంటి లైను ఆపి, పరీక్ష మొదలుపెట్టారు.

ఇంట్లో రాజ్ టై కట్టుకుని ఇంటర్వ్యూలో మాట్లాడుతున్నాడు. పెట్టె మీద దీపం ఎర్రబడింది. అది తను రాసిన ఎరుపే గదా అని నవ్వుకున్నాడు. తెర మీద ఆ కంపెనీ మేనేజరమ్మ కదలకుండా చూస్తోంది. ఎంత శ్రద్ధగా వింటోందో అని రెచ్చిపోయి, చేసిన ప్రాజెక్టులు చెప్పాడు, చేయనివీ చెప్పాడు. ఆవిడ రెప్ప వేయలేదు. ఆఖర్న థాంక్యూ చెప్పి, జవాబు కోసం చూసి చూసి, అప్పుడు తెలుసుకున్నాడు, తను ఇంతసేపూ ఆగిపోయిన బొమ్మకు చెప్పుకున్నానని.

రాజ్ వీడియో మధ్యలో తెగిపోగానే, అవతల మేనేజరమ్మకు ఇంకో సంగతి తట్టింది. ఇద్దరిదీ ఒకటే అడ్రసు. అయితే ఆ మొదటి అబ్బాయి రాసింది నిజమే, ఆ ఇంట్లో నెట్ లేదు. వెంటనే అనుదీప్‌కి ఫోన్ చేసింది. అతను లైబ్రరీ మెట్ల మీద వణుకుతూనే అడిగినవాటన్నిటికీ టకటకా చెప్పాడు. ఉద్యోగం అతనికే వచ్చింది.

చక్రధర్ అన్నమాట ప్రకారం రాజ్‌కి టికెట్ బుక్ చేశాడు. జాహ్నవి స్వెట్టర్ మడిచి అమెరికా ప్రయాణం పెట్టెలో సర్దుకుంది.

అనుదీప్‌ను వెనక్కి విమానం ఎక్కించడానికి నాకు చెయ్యి రాక, కేబుల్ వాళ్లు ఆ ఇంటి లైను ఆపారన్న ఒక్క ముక్క మాత్రం నేను అల్లాను.