సబ్బునీళ్ల బకెట్టు

ఉదయం ఏడున్నరకి షెడ్డులో హెడ్ మెకానిక్, బళ్లు కడిగే మనిషిని చెంప మీద కొట్టాడు.

దెబ్బ తిన్నవాడు పనిలో చేరి ఎన్నాళ్లో కాలేదు. పేరు ఎవరూ అడగలేదు. చేతిలోంచి బకెట్టు దింపడని మెకానికే అతనికి 'బకెట్టు' అని పేరు పెట్టాడు. అందరూ అలాగే పిలిచేవారు. అతనూ పలికేవాడు.

ఆ రోజు మెకానిక్‌కి పరీక్ష.

డీజిల్‌తో నడిచే పాత బస్సుని గ్యాస్‌కి మార్చాడు. డీజిల్ పంపు తీసేశాడు. ఇంజెక్టర్లున్న చోట స్పార్క్ ప్లగ్గులు పెట్టాడు. పిస్టన్ల నెత్తి చెక్కించాడు. బస్సు కింద సిలిండర్లు బిగించి, అక్కణ్నుంచి ఇంజన్ దాకా పైపు లాగాడు. తొమ్మిదింటికి ఓనరు బస్సు కంపెనీవాళ్లని వెంటబెట్టుకుని వస్తాడు. అందరూ ఎక్కి ఊరు చుట్టి రావాలి.

"ఇది నడిస్తే వాళ్ల బళ్లన్నీ మనకే," అన్నాడు ఓనరు ముందురోజు. "తేడా వచ్చిందో, ఇంక డీజిల్ మెకానిక్‌తో నాకు పనిలేదు. మొహమాటం లేకుండా చెప్తున్నా."

బుద్ధెరిగినప్పటినుంచీ మెకానిక్ చేసింది డీజిల్ పనే. అందుకే పొద్దున్నే వచ్చి పైపు పొడవునా ప్రతి జాయింటూ చేత్తో తడిమి చూశాడు. పొడిగా ఉంది. డీజిల్ బండికి అలాగే చూసేవాడు. చెయ్యి తడైతే లీకు, లేకపోతే లేదు.

గ్యాస్ బండికి సబ్బునీళ్లు పోసి చూడాలని ట్రైనింగ్‌లో చెప్పారు. "బండికి మళ్లీ సబ్బు స్నానం కూడానా?" అని అప్పుడు అందరినీ నవ్వించాడు.

తాళం తీసుకుని బస్సు ఎక్కబోతుంటే 'బకెట్టు' అడ్డం వచ్చాడు.

"అన్నా, వాసనొస్తోంది."

"ఏం వాసన?"

"గ్యాస్. కుళ్లిన గుడ్ల కంపు. ఇక్కడ నిలబడితే ముక్కు పగిలిపోతోంది. నీకు రావట్లేదా?"

మెకానిక్ గట్టిగా గాలి పీల్చాడు. ఏమీ రాలేదు.

ఏ వాసనా రాక చాలాకాలమైంది. డీజిల్ పొగలో పనిచేసి చేసి ముక్కు చచ్చిపోయింది. ఇంట్లో పొయ్యి మీద కూర మాడి బొగ్గయినా కదలకుండా కూర్చుంటే, "ఆ ముక్కు కళ్లజోడు ఆనడానికేనా?" అని భార్య దెప్పేది. గుమ్మం దాటి ఎవరికీ తెలియదు. గ్యాస్ పని చేసేవాడికి వాసన తెలియదంటే ఎవరు ఉంచుకుంటారు?

"వాసనా లేదు, వంకాయా లేదు," అన్నాడు. "రాత్రి తాగింది దిగలేదా? తప్పుకో."

"నాకా అలవాటు లేదన్నా. సిలిండర్ల దగ్గరే వస్తోంది. ఒక్కసారి చూడు."

"నాకు నేర్పుతావురా? కడగడానికొచ్చావు, కడుక్కో. నీ పని నువ్వు చూసుకో."

ఆ మాటకి అతని మొహం పాలిపోయింది. బకెట్టు తీసుకుని వెనక్కి తిరిగాడు. నాలుగడుగులు వేశాడు. ఆగాడు.

మళ్లీ వచ్చి, బకెట్లో నీళ్లన్నీ బస్సు కిందకి విసిరికొట్టాడు.

సిలిండర్లు, పైపు, మెకానిక్ ఆ రోజుకని వేసుకున్న ఇస్త్రీ చొక్కా, అన్నీ నురగ.

అప్పుడు పడింది దెబ్బ.

అతను చెంప కూడా తడుముకోలేదు. వంగి, బస్సు కిందకి వేలు చూపించాడు.

మెకానిక్ కూడా వంగాడు.

ఒక జాయింటు దగ్గర నురగ ఉబ్బుతోంది. బుడగ మీద బుడగ. ఒకటి పగిలితే ఇంకొకటి.

బస్సు తాళం మెకానిక్ గుప్పిట్లోనే ఉంది.

మెకానిక్ సిలిండర్ల వాల్వులు కట్టేశాడు. షెడ్డు తలుపులు బార్లా తెరిచాడు. గాలి ఆడాక జాయింటు విప్పి, మళ్లీ బిగించాడు. రెండో స్పానర్ 'బకెట్టు' పట్టుకున్నాడు. అడగకముందే మళ్లీ సబ్బునీళ్లు కలుపుకొచ్చాడు. వాల్వులు తెరిచి పోశారు. ఈసారి నురగ కదల్లేదు.

గేటు దగ్గర కారు హారన్ మోగింది.

"ఇదేంటయ్యా, బండి కిందంతా మడుగు?" అన్నాడు ఓనరు. వెనకే కంపెనీవాళ్లు.

మెకానిక్ తడి చొక్కా సర్దుకున్నాడు.

"లీకు పరీక్ష సార్," అన్నాడు 'బకెట్టు'. "మెకానిక్ గారే పోయమన్నారు."

"చూశారా, మావాడి జాగ్రత్త!" ఓనరు మెకానిక్ భుజం తట్టాడు.

'కాదు సార్' అనడానికి అప్పుడు వ్యవధి ఉంది. మెకానిక్ అనలేదు. 'బకెట్టు' చెంప మీద నాలుగు వేళ్లూ తేలి ఉన్నాయి. అటు చూడకుండా బస్సెక్కాడు.

బస్సు ఊరు చుట్టి వచ్చింది. కంపెనీవాళ్లు దిగి చేతులు కలిపారు. పని ఖాయమైంది.

మెకానిక్ రెండు టీలు పట్టుకుని బళ్లు కడిగే చోటికి వెళ్లాడు. కుళాయి కట్టేసి ఉంది. బకెట్టు బోర్లించి ఉంది.

గేటు దగ్గరికి వెళ్లాడు.

"వెళ్లిపోయాడుగా," అన్నాడు వాచ్‌మన్. "ఈ వాసన మధ్య ఇక ఉండలేనన్నాడు. ఏమన్నా అన్నావేంటి?"

"ఎటెళ్లాడు?"

"చెప్పలేదు. ఇన్నాళ్లూ నోరు విప్పనివాడు, పోతూ పోతూ ఒక్క సంగతి చెప్పాడు. దీనికి ముందు వేరే ఊళ్లో ఇలాంటి షెడ్డులోనే చేశాడట. గ్యాస్‌కి మార్చిన బస్సొకటి తగలబడిందని విన్నాం చూడు, అక్కడే."

మెకానిక్ రెండు టీలూ వాచ్‌మన్ స్టూలు మీద పెట్టాడు.

"బండి కదలకముందే వాసనొస్తోందని చెప్పాడట. నీ పని నువ్వు చూసుకో అన్నారట. సరేనని బకెట్టు తీసుకుని పక్కకెళ్లిపోయాడట."

"తర్వాత?"

"ఆ బస్సు నడిపింది అతని తమ్ముడే."