మెడ మీద చెయ్యి

చేతిలోని కాఫీ గ్లాసు మళ్ళీ జారి పగిలింది.

పెంచలప్రసాద్ గ్లాసు వైపు చూడలేదు. తన వేళ్ళనే చూసుకున్నాడు.

"మందులు అయిపోయినాయి, జ్వరం పోయింది. ఇంకా ఏంది ఈ నొప్పులు?" అంది భార్య రజిత, గాజుముక్కలు ఏరుతూ.

మేకల ఒంటికి అంటుకుని నెత్తురు పీల్చే గోమారి పురుగు కరిచి వచ్చిన జబ్బు. లైమ్ అంటారట. నయమైందన్నారు గానీ మోకాళ్ళు వంగవు. వాకిలి దాటితే ఒళ్ళు తూలిపోతుంది. తెలిసినవాళ్ళ పేర్లు నోటికి రావు.

ఒక్క పేరు మాత్రం మరచిపోలేదు. సుబ్బన్న.

కొండాపురం పక్కనుంచి మేకలు తోలుకొచ్చిన మనిషి. ఎరువు కోసం ప్రసాదే తన చేలో మంద కట్టించుకున్నాడు. గోమారి ఆ మందలోదే అన్నారు ఊళ్ళో.

అంతటితో పోలేదు. చేలో పడిపోయిన రోజు సుబ్బన్న మీదికి వంగడం ప్రసాద్‌కు గుర్తుంది. మెడ పట్టుకున్నాడు. గట్టిగా. తర్వాత కళ్ళు తెరిస్తే ఆత్మకూరు ఆస్పత్రి.

"నన్నెవరు తెచ్చినారు?"

"ఏమో. నర్సు ఫోన్ చేస్తే కలిగిరి నుంచి పరిగెత్తుకొచ్చినా. నేనొచ్చేసరికి ఎవరూ లేరు. అంబులెన్సులో తెచ్చుంటారు."

"చంపబోయినాడే వాడు."

"జ్వరంలో ఏందేందో అనిపిస్తాదిలే."

"నా మెడ నాకు తెలీదా?"

పార పట్టలేని చెయ్యి ఫోను పట్టగలిగింది. సుబ్బన్న ఫొటో పెట్టి రైతుల గ్రూపులో రాసినాడు: 'ఈయన మందలో గోమార్లు ఉండాయి. ఎవరూ చేలో దిగనీయొద్దు.'

మెసేజీ ఉదయగిరి నుంచి కలిగిరి దాకా పాకింది. మంద ఎక్కడ ఆగినా తరిమేసినారు.

ఒకరోజు సుబ్బన్న ఇంటికే వచ్చినాడు.

"మోకాళ్ళు ఎట్టుండాయి ప్రసాదన్నా?"

"చూసి నవ్వుకుందామని వచ్చినావా?"

"కాదులేన్నా. ఆ పొద్దు ఆత్మకూరులో..."

"నోరు మూసుకొని పో. నాకు నడక రానీ, నీ సంగతి చూస్తా."

సుబ్బన్న నల్లగొంగడి భుజాన సర్దుకున్నాడు.

"నడక రానీలేన్నా. అంతే చాలు."

ఆ మాట కూడా ఎగతాళిగానే వినిపించింది.

ప్రసాద్ పగతోనే నడక మొదలుపెట్టినాడు. మొదట వాకిలి దాకా. తర్వాత బోరు దాకా. పడి లేచినప్పుడల్లా సుబ్బన్నను తిట్టుకున్నాడు. ఆఖరికి కర్ర లేకుండా బస్టాండుకు పోయి, కొండాపురం బస్సెక్కినాడు.

సుబ్బన్న ఇంటికి తాళం.

"ఎవరూ చేలోకి రానీకపోతే మేకల్ని ఏం పెట్టి మేపుతాడు? కోతకు అమ్మేసి ఎటో పోయినాడు. ఫోను కూడా ఎత్తడంలా," అన్నాడు పక్కింటాయన.

ప్రసాద్ మీసం దువ్వుకుంటూ తిరుగు బస్సెక్కినాడు. చాన్నాళ్ళకు ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

మరుసటి వారం ఆత్మకూరులో డాక్టరమ్మ అతని మోకాళ్ళు వంచి చూసింది.

"బాగా కోలుకున్నారు. మీ అన్న రాలేదా?"

"నాకు అన్న లేడు మేడం."

ఆమె విస్తుపోయి చూసింది.

"మా తమ్ముడమ్మా అంటూ మిమ్మల్ని భుజానేసుకొచ్చి, మీ మెడలోంచి పీకిన గోమారిని అగ్గిపెట్టెలో పెట్టి నా చేతికిచ్చిన ఆ నల్లగొంగడి మనిషి మరి మీకేమవుతాడు?"