సారయినా సరే

“లోపల కూర్చోకుండా ఈ వానలో ఏంటే? జ్వరమొస్తే ఎవరు చూస్తారు?” గేటు తోస్తూనే అరిచాను.

బస్సు దొరక్క అరగంట ఆలస్యమైంది. దారి పొడవునా రాకూడని ఆలోచనలే. రేపటి నుంచి షటిల్ మాన్పించేయాలనే నిశ్చయంతో వచ్చాను. తీరా చూస్తే, పిల్లలందరూ వెళ్ళిపోయిన కోర్టు బయట, రోడ్డుకు ఎదురుగా మెట్ల మీద మా తొమ్మిదేళ్ళ పిల్ల గొడుగు పట్టుకుని కూర్చుంది. కాస్త దూరంలో వాళ్ళ కోచ్ గారు నిలువునా తడుస్తూ తుమ్ముతున్నారు.

“సారు లోపలికి రమ్మన్నారమ్మా. నేనే రానన్నాను.”

“సారుకే ఎదురు చెప్పావా? చిన్నంతరం పెద్దంతరం లేదూ?”

“లోపల ఇంకెవరూ లేరుగా! పెద్దవాళ్ళు ఒక్కరే ఉంటే వాళ్ళతో గదిలో ఉండకూడదని సారే చెప్పారు. సారయినా సరే, వద్దనమన్నారు.”

“తిట్టకండమ్మా,” కోచ్ గారు ముక్కు తుడుచుకుంటూ నవ్వారు. “రూలు పెట్టింది నేనే, వాన చూసి మర్చిపోయిందీ నేనే. చెప్పింది వీళ్ళ బుర్రకి ఎక్కుతోందో లేదోనని బెంగగా ఉండేది. ఇవాళ తీరిపోయింది.” మళ్ళీ తుమ్మారు.

ఇన్నేళ్ళుగా భయపడటం తప్ప నేను దానికి నేర్పిందేముంది? పెద్దవాళ్ళు చెప్పినట్టు వినమన్నాను, అంతే.

“రేపు పెందలాడే వస్తానండీ,” అన్నాను.

రోడ్డెక్కాక అది నా చెయ్యి లాగింది. “అమ్మా, బాబాయి బుగ్గలు గిల్లుతుంటే కూడా వద్దనొచ్చా?”

నిన్నయితే తప్పనేదాన్ని.

“గట్టిగా అను. వినకపోతే నేనున్నాను.”