అల మీద పందెం

“కత్తెర తెచ్చావా, లైల్?”

“పదేళ్ల నుంచీ నా సొరుగులోనే ఉందిరా. నెలకోసారి నూనె కూడా వేస్తున్నా,” అన్నాడు లైల్ డనవే, వీపు మీద వేలాడే తెల్ల పిలకను ముద్దుగా నిమురుకుంటూ.

ఎమ్మెట్ కొవాల్చిక్ మీసం దువ్వుకున్నాడు. అది మామూలు మీసం కాదు. వాళ్లిద్దరూ పనిచేసే బాల్టిమోర్ ఖగోళ కేంద్రంలో ముందు మీసం గదిలోకి వచ్చేది, రెండు నిమిషాలు ఆగి ఎమ్మెట్ వచ్చేవాడు. పీతలు తినే రోజున దానికి విడిగా ఒక రుమాలు.

పందెం పదేళ్ల నాటిది. అప్పుడే పుట్టిన ఓ నక్షత్రం వాయువును చిమ్ముతోంది. అది వెళ్లి చుట్టూ ఉన్న వాయువును గుద్దిన చోట వెలుగుల అల ఒకటి లేచింది. అంతరిక్షంలోని టెలిస్కోపు దాని బొమ్మ తీసి పంపింది.

“పడవ ముందు లేచే అలరా అది. ముందుకు పోతూనే ఉంటుంది,” అన్నాడు ఎమ్మెట్.

“కాదు, ఏట్లో బండరాయి దగ్గరి అల. ఉన్నచోటే ఉంటుంది,” అన్నాడు లైల్.

పదేళ్ల తర్వాత మళ్లీ బొమ్మ తీయించాలి. అల కదిలితే లైల్ పిలక తెగాలి, కదలకపోతే ఎమ్మెట్ మీసం.

ఇవాళ ఆ రెండో బొమ్మ దిగింది.

“రెండూ అతికించావా, డార్లీన్ తల్లీ?”

“అయిపోయిందండీ!”

డార్లీన్ చేరి వారమే అయింది. రెండు బొమ్మల్లోనూ ఉన్న ఒక కదలని చుక్కను పట్టుకుని, దాని మీద అదే కూర్చునేలా బొమ్మలు అతికించడం ఆమె పని. ఆ తర్వాత పాతదీ కొత్తదీ మార్చి మార్చి చూస్తే, ఏది కదిలిందో కంటికే తెలుస్తుంది.

మీట నొక్కింది. పాతది. కొత్తది. పాతది. కొత్తది.

అల ఇసుమంతైనా కదల్లేదు.

“మేకు కొట్టినట్టుంది!” లైల్ గంతేశాడు.

“చుట్టూ చుక్కలన్నీ గెంతుతున్నాయేంట్రా?”

“టెలిస్కోపుకీ నీలాగే వయసు మీద పడింది, వణికింది. సాకులు మాని కూర్చో.”

“ముప్పై ఏళ్ల కాపురంలో మా ఆవిడ మీసం లేని నా మొహం చూడలేదురా. ఇంట్లోకి రానివ్వదు. పోనీ, సగం ఉంచు!”

“ఏం, అల సగం కదిలిందా?”

కత్తెర ఆడింది. మీసం కాఫీ కప్పులో పడింది, కప్పు పొంగింది. ఎమ్మెట్‌కి పైపెదవి ఉందన్న సంగతి కేంద్రంలో అందరికీ అప్పుడే తెలిసింది.

పెద్దమనిషి కదా, లేచి నిలబడ్డాడు. పెదవికి చలేస్తున్నా నవ్వాడు.

“పని మాత్రం శుభ్రంగా చేశావమ్మా. ఇంతకీ ఏ చుక్కను పట్టుకుని అతికించావు?”

డార్లీన్ సిగ్గుపడింది.

“అన్నిటికంటే బాగా మెరుస్తోందని, ఆ అలనే పట్టుకున్నానండీ.”