పాకం కాపలా

సూపర్‌వైజరుగారు వంటింటి తలుపు ముందు స్టూలు వేసుకుని, చెవుల మీదుగా మఫ్లరు చుట్టుకుని, ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తున్నారు. లోపల పాకం కాగుతోంది. దాల్చిన చెక్క, లవంగాలు, జాజికాయ కలిసిన వాసన తలుపు కింది సందులోంచి బయటికి వస్తోంది. ఈ చలికాలమంతా ఆ ఇంటికి వచ్చినవాళ్లకి లాటే కాఫీలో కలిపి ఇచ్చేది ఆ పాకమే.

ఫ్యాక్టరీలో భద్రత చూసే ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయనకి చూడటానికి ఇల్లొక్కటే మిగిలింది. చూశారు. పొయ్యి మంట ఎంత ఉండాలో, గరిట ఏ చేత్తో పట్టుకోవాలో, ఉల్లిపాయలు తరిగేటప్పుడు ఎక్కడ నిలబడాలో భార్యకి రోజూ వివరంగా చెప్పారు. ఆవిడ పళ్ల బిగువున వింది. పైవాటాలో ఉండే వదినగారు మాత్రం ఓ ఆదివారం కిందికి దిగొచ్చి, తామిద్దరూ కలిసి కాఫీలోకి మసాలా సిరప్ కాస్తామని ప్రకటించారు.

దానికి పెద్ద నియమాలే ఉన్నాయట. పాకం కాగినంతసేపూ వంటింటి తలుపు తీయకూడదట. మనిషి మాట వినపడితే పాకం అలిగి పలుచబడిపోతుందట. అందుకని మధ్యాహ్నం భోజనాలైన దగ్గర్నుంచి దీపాలు పెట్టే వేళ దాకా తలుపు దగ్గర ఎవరైనా కాపలా ఉండాలట.

"ఇది అందరివల్లా అయ్యే పని కాదు మరిదిగారూ," అన్నారు వదినగారు. "మీ అంత జాగ్రత్త ఉన్న మనిషి కావాలి."

రిటైరయ్యాక ఆయన్ని ఒకరు కావాలనడం అదే మొదలు. ఆయనకి కళ్లు చెమర్చాయి.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఇదే ఉద్యోగం. పోయిన వారం కాపలాలో ఉండగా ఒక దగ్గు వచ్చింది. సాయంత్రం ఆయనే నిజాయితీగా ఒప్పేసుకున్నారు. భార్య సీసా పైకెత్తి వెలుతురులో చూసి, అదీ సంగతి, అందుకే ఇంత పలుచగా వచ్చిందంది. ఇంకోసారి ఇలా అయితే పక్కవాటాయన్ని పెట్టుకోక తప్పదని కూడా అంది. ఆ మాట ఆయన గుండెల్లో గుచ్చుకుంది.

ఆయనకి అబ్బురమనిపించేది లోపలి నిశ్శబ్దం. మామూలప్పుడు ఆ తోడికోడళ్లిద్దరూ కలిస్తే ఇల్లు పీకి పందిరేసేవాళ్లు. అలాంటివాళ్లు పాకం కోసం గంటల తరబడి కిక్కురుమనకుండా ఉంటున్నారంటే ఎంత నిష్ఠ ఉండాలి! ఇలాంటివాళ్లు ఇద్దరు దొరికుంటే ఫ్యాక్టరీ ఎక్కడికో వెళ్లిపోయేదనుకున్నారు.

అంతలో వీధి తలుపు తోసుకుని మేనేజరుగారు వచ్చారు. ఒకప్పటి పైఅధికారి. సాయంత్రం లాటేకి పిలిస్తే పెందలాడే వచ్చేశారు. సూపర్‌వైజరుగారు కంగారుగా పెదాల మీద వేలు పెట్టి తలుపు చూపించారు. మేనేజరుగారు ఒకసారి వాసన పీల్చి, బూట్లు విప్పి, మునివేళ్ల మీద నడిచొచ్చి ఇంకో స్టూలు లాక్కున్నారు.

"పాకమా?" అన్నారు గుసగుసగా.

"అవునండి. మీకెలా తెలుసు?"

"మా ఇంట్లో శనివారాల కాపలా నేనే. దగ్గొస్తే తువ్వాలు నోట్లో కుక్కేసుకోండి. అనుభవం మీద చెప్తున్నాను."

సూపర్‌వైజరుగారి ఛాతీ ఉప్పొంగింది. మాటల్లో తేలిందేమిటంటే రెండిళ్ల పాకానికీ రుచిలో వీసమెత్తు తేడా లేదు. సీసాలు కూడా ఒకటే రకం. నియమం తప్పకపోతే ఎవరు కాసినా అలాగే కుదురుతుందని ఇద్దరూ తీర్మానించుకున్నారు.

కాసేపటికి వాసన మారింది. ముందు మాడు కంపు, తర్వాత తలుపు కిందనుంచి సన్నగా పొగ.

"తెరవకండి," అన్నారు మేనేజరుగారు. "చివర్లో అలాగే ఉంటుందేమో."

సూపర్‌వైజరుగారు స్టూలు మీంచి లేచి, మళ్లీ కూర్చున్నారు. తెరిస్తే ఉన్న ఒక్క ఉద్యోగమూ ఊడుతుంది. రేపట్నుంచి ఈ స్టూలు మీద పక్కవాటాయన కూర్చుంటాడు. కానీ పొగ చిక్కబడుతోంది. లోపల మాత్రం చిన్న దగ్గు కూడా లేదు. ఆ పిచ్చితల్లులు నియమం కోసం అంత పొగలోనూ నోరు మెదపకుండా నిలబడ్డారని తలుచుకునేసరికి ఆయనకి దుఃఖం పొంగుకొచ్చింది. ఏ పాకమైతే ఏం, వాళ్లకంటే ఎక్కువా? ఉద్యోగం పోతే పోయిందనుకుని భుజంతో తలుపు తోసి, భార్యనీ వదిననీ పిలుస్తూ పొగలోకి దూకారు. తడుముకుంటూ వెళ్లి పొయ్యి కట్టేశారు. మేనేజరుగారు వెనకే వచ్చి కిటికీ తెరిచారు. మెల్లగా పొగ విడిపోయింది. పెరట్లోకి వెళ్లే తలుపు గడియ తీసి, దగ్గరగా వేసి ఉంది.

వంటింట్లో ఎవరూ లేరు.